రాగి తీగ చివర ఎవరున్నారు?

పాత నల్ల టెలిఫోన్‌కి కరెంటు ప్లగ్గు ఉండేది కాదు. ఈ మాట ఇప్పటి పిల్లలకి చెబితే వింతగా చూస్తారు. గోడలోంచి రెండు సన్నటి రాగి తీగలొచ్చి ఫోన్‌లో కలిసేవి, అంతే. మాటని మోసే ఆ తీగలే ఫోన్ పనిచేయడానికి కావలసిన కరెంటుని కూడా మోసుకొచ్చేవి. ఎక్స్‌ఛేంజిలో వరసగా పేర్చిన బ్యాటరీల నుంచి 48 వోల్టుల కరెంటు ప్రతి ఇంటికీ, ప్రతి కొట్టుకీ, ప్రతి ఆస్పత్రికీ ఆ జంట తీగల మీదే వెళ్లేది. ఊరంతా చీకటిగా ఉన్నా, ఎక్స్‌ఛేంజిలో బ్యాటరీలున్నంతసేపూ, ఆ తర్వాత జనరేటర్‌లో డీజిలున్నంతసేపూ ఫోన్ మోగేది. గాలివాన వస్తే ముందు కరెంటే పోయే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దీని విలువ ఏమిటో అక్కడ కాపురం చేసిన ఎవరికైనా తెలుసు.

ఇప్పుడా రాగి పోతోంది. దాని స్థానంలో గాజు తీగ, అంటే ఆప్టికల్ ఫైబర్, లేదా గాల్లోంచి వచ్చే సిగ్నల్. బ్యాంకులూ, ఫ్యాక్టరీలూ, ఆస్పత్రులూ పాత రాగి లైన్లని ఎందుకు మార్చుకోవాలో, ఎంత వేగం పెరుగుతుందో, ఎంత ఖర్చు తగ్గుతుందో వ్యాపార పేజీల్లో బాగానే రాస్తున్నారు. కాదనలేం. కానీ టెలిఫోన్ చరిత్రంటే తీగల చరిత్ర, యంత్రాల చరిత్ర, వాటిని కనిపెట్టిన మగవాళ్ల చరిత్ర అన్నట్టుగానే ఇప్పటికీ రాస్తున్నారు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో కబుర్లు మోసిన ఆడవాళ్ల సంగతి మొదటిసారిగా వాళ్ల నోటితోనే విన్నాం. కబురు మోయడం ఆడవాళ్లకి కొత్త పనేమీ కాదు. టెలిఫోన్‌లోనూ కబురు మోసింది చాలాకాలం ఆడవాళ్లే.

అమెరికాలో బోస్టన్ నగరంలో మొదట కుర్రాళ్లని ఆపరేటర్లుగా పెట్టారు. వాళ్లు ఖాతాదారుల మీద విసుక్కోవడం, అల్లరి చేయడం భరించలేక 1878 సెప్టెంబర్ 1న ఎమ్మా నట్ అనే అమ్మాయిని తీసుకున్నారు. ఆ తర్వాత ప్రపంచమంతా అదే దారి. మృదువైన గొంతు, ఓపిక, చెప్పినట్టు వినడం, పైగా తక్కువ జీతం. ఈ నాలుగో కారణం తరవాత రాసిన చరిత్రల్లో కాస్త చిన్న అక్షరాల్లో ఉంటుంది. మన దేశంలో 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఎక్స్‌ఛేంజిలు తెరిచాక, తొలి దశాబ్దాల్లో ఆ కుర్చీల్లో ఎక్కువగా కనిపించింది ఆంగ్లో ఇండియన్ స్త్రీలు. స్వతంత్రం వచ్చాక చదువుకున్న మధ్యతరగతి తెలుగమ్మాయికి టీచరు, నర్సు, టైపిస్టు, టెలిఫోన్ ఆపరేటరు అనే నాలుగు ఉద్యోగాల్లో ఇదొకటి. గదిలో కూర్చుని చేసేది, మగవాళ్ల ఎదట పడక్కర్లేనిది, గొంతు మాత్రమే బయటికి వెళ్లేది. 'గౌరవమైన ఉద్యోగం' అన్న పేరు వెనక ఉన్న లెక్క ఇదే!

ఆపరేటర్లని తీసేసే యంత్రం పుట్టుక గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. ఆల్మన్ స్ట్రోజర్ అనే ఆయన అమెరికాలో అంత్యక్రియల వ్యాపారం చేసేవాడట. ఊళ్లో పోటీదారుడి తాలూకు మనిషే ఆపరేటరుగా ఉండి, తన దగ్గరికి రావలసిన కాల్స్‌ని అటు తిప్పేస్తోందని అనుమానం వచ్చి, మనిషే అక్కర్లేని స్విచ్చి తయారుచేశాడట. పేటెంటు వచ్చింది 1891లో. 'అమ్మాయిలు అక్కర్లేని ఫోన్' అని దానికి ప్రచారం కూడా చేశారు. కథ ఎంతవరకు నిజమో గానీ, అది ఇన్నాళ్లు బతికుండటం గమనించాలి. ఆటోమేషన్ అనే పెద్ద ఆర్థిక నిర్ణయానికి కారణంగా ఒక నమ్మదగని ఆడమనిషిని నిలబెట్టడం ఎంత సులువో చూడండి.

మన జిల్లాల్లో ఆటోమేటిక్ యుగం ఆలస్యంగా వచ్చింది. చిన్న పట్టణాల్లో చాలాకాలం ఎక్స్‌ఛేంజి అంటే ఒక గది, ఒక బోర్డు, తీగలు, చెవులకి హెడ్‌సెట్టు పెట్టుకున్న ఆపరేటరు. బయటి ఊరికి మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేయాలి. ఆర్డినరీ అయితే గంటలు పట్టొచ్చు. అర్జెంట్‌కి రెట్టింపు చార్జీ, లైట్నింగ్‌కి ఎనిమిది రెట్లు. పలాసలో జీడిపప్పు వ్యాపారికి ఉత్తరాది ధర తెలియాలన్నా, నెల్లిమర్ల జూట్ మిల్లు కలకత్తాతో మాట్లాడాలన్నా, గరివిడి ఫెర్రో ఎల్లాయిస్‌కి ఏ సరుకు ఎక్కడుందో తెలియాలన్నా, ఆ రెండు తీగల మీదా, ఆ బోర్డు ముందున్న మనిషి మీదా ఆధారపడవలసిందే. ఇప్పుడు 'వ్యాపారానికి కీలకమైన కార్యకలాపాలు' అంటున్నారే, వాటిని ఆనాడు నడిపింది ఆ మనిషి చేతివేళ్లు. ఏ ప్లగ్గు ఎందులో గుచ్చాలో, ఏ కాల్ తొందరైందో, ఎవరింట్లో చావు కబురో, ఎవరింట్లో పురుడో ఆమెకి తెలిసేది. తెలిసినా బయట చెప్పకూడదు. ఇంత బాధ్యత ఉన్న పనిని నైపుణ్యం అనకుండా 'ఆడవాళ్ల ఓపిక' అని తేల్చేశారు.

1984లో సి-డాట్ ఏర్పడింది. గాలి చల్లబరిచే యంత్రాలు అక్కర్లేని, దుమ్మూ వేడీ తట్టుకునే 128 లైన్ల చిన్న గ్రామీణ ఎక్స్‌ఛేంజి మన దేశపు ఇంజనీర్లు తయారుచేశారు. మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. ఆ పెట్టె మండల కేంద్రాలకి చేరాక నేరుగా నంబరు తిప్పుకోవచ్చు. పసుపుపచ్చ బోర్డుల ఎస్.టి.డి. బూతులు వెలిశాయి. ఇక్కడే ఉత్తరాంధ్ర ఆడవాళ్ల జీవితంలోకి రాగి తీగ నిజంగా ప్రవేశించింది.

ఎందుకంటే ఇది వలసల నేల. మగవాళ్లు విశాఖ, హైదరాబాద్, మద్రాసు భవన నిర్మాణ పనులకీ, తీరప్రాంతపు మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీదకీ, ఇంకొందరు గల్ఫ్‌కీ వెళ్లిపోతారు. ఊళ్లో మిగిలేది ఆడవాళ్లూ, ముసలివాళ్లూ, పిల్లలూ. ఉత్తరం రాయలేని, చదవలేని ఆడదానికి భర్త గొంతు వినిపించే ఒకే ఒక్క చోటు ఆ బూతు. ఉత్తరాల మీద, విజిటింగ్ కార్డుల మీద 'పి.పి.' అని రాసి పక్కింటివాళ్ల నంబరు ఇచ్చే అలవాటు గుర్తుందా? ఆ పి.పి. నంబరుకి ఫోనొస్తే ఒక పిల్లాడు పరిగెత్తుకుంటూ వచ్చి పిలిచేవాడు. 'ఏటమ్మా, మీ ఆయన లైన్లో ఉన్నాడు' అంటే చేతిలో పని వదిలేసి పరుగు. ఫోనున్న ఇంటివాళ్ల హాల్లో, వాళ్లంతా వింటుండగా, నిమిషం లెక్కన పొడిగా మాట్లాడాలి. డబ్బు పంపావా, పంపాను. పిల్లలు బాగున్నారా, బాగున్నారు. మిగతాదంతా మింగేయాలి.

బూతులోనూ అంతే. ఇక్కడ ఎవరూ పట్టించుకోని విషయమొకటుంది. ఎస్.టి.డి. చార్జీలు రాత్రయ్యే కొద్దీ తగ్గేవి. రాత్రి పదకొండు దాటాక పావు వంతు. అందుకే ఆ వేళకి బూతుల ముందు క్యూలుండేవి. ఆ క్యూలో ఆడవాళ్లు ఎంతమంది ఉండగలరు? రాత్రి పదకొండింటికి ఒంటరిగా బజారుకి వెళ్లగల ఆడది ఏ పలాసలో, ఏ పార్వతీపురంలో ఉంది? చవక గంటలు మగవాళ్లవి, పూర్తి చార్జీ గంటలు ఆడవాళ్లవి. టారిఫ్ తయారుచేసినవాళ్లు స్త్రీలకి ఎక్కువ ధర పెట్టాలని అనుకుని ఉండరు. అనుకోవలసిన అవసరం కూడా లేదు, వీధి అప్పటికే ఆ పని చేసిపెట్టింది.

బూతు నడిపిన ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలి. లైసెన్సు భర్త పేరునో అన్న పేరునో ఉన్నా, పగలంతా మీటరు ముందు కూర్చున్నది ఇంటి ఆడవాళ్లే అన్న బూతులు ఎన్నో. వంటకీ పిల్లలకీ మధ్య బిల్లు చించి ఇవ్వడం, చిల్లర లెక్క, కాల్ కలవకపోతే పడే తిట్లు. ఆపరేటరు చేసిన పనిలో చాలా భాగం ఇదే, జీతం లేదు, పింఛను లేదు, అంతే తేడా. 2003 మే నుంచి సెల్‌ఫోన్‌కి వచ్చే కాల్‌కి డబ్బు కట్టక్కర్లేకుండా పోయాక ఈ బూతులు చూస్తూండగానే మూతపడ్డాయి. ఎన్ని మూతపడ్డాయని ఎవరో ఒకరు లెక్క వేశారు గానీ, ఎంతమంది ఆడవాళ్ల చేతిలో పని పోయిందన్నది ఆ లెక్కలో గడి లేని విషయం.

ఇదంతా చదివి రాగి తీగ స్వర్ణయుగం గురించి బెంగపెట్టుకుంటున్నానని అనుకోకండి. ఇళ్లలో డయలుకి చిన్న తాళం వేసేవాళ్లు. తొమ్మిదో అంకె చిల్లులోనో, ఒకటో అంకె చిల్లులోనో ఇరికించే ఆ బుల్లి తాళం చెవి ఎవరి జేబులో ఉండేదో చెప్పక్కర్లేదు. ఫోను రావచ్చు, చేయకూడదు. ఇంటి పెద్ద ఇష్టంతో మాత్రమే బయటికి వెళ్లే గొంతు. గ్రామాల్లో పంచాయతీ టెలిఫోన్ పెట్టినప్పుడు కూడా అది చాలాచోట్ల పెద్దకులాల మగవాళ్ల అరుగు మీదకే చేరింది. దెబ్బలు తిన్న ఆడది ఆ అరుగెక్కి సాయం కావాలని ఫోన్ చేయగలదా? 2006లో భూమిక హెల్ప్‌లైన్ మొదలైనప్పుడు టోల్‌ఫ్రీ నంబరు ఎంత అవసరమైందో ఇందుకే. ఆ కాలానికి సెల్‌ఫోన్ చేతుల్లోకి రావడం మొదలైంది. గోడ పక్కన నక్కి, దొడ్లో నిలబడి, చెరువుగట్టున కూర్చుని మాట్లాడే వీలు అదే ఇచ్చింది. కాల్ లిస్టు తనిఖీ చేసే మొగుడు ఆ తర్వాత పుట్టుకొచ్చాడు, అది ఇంకో కథ.

2000 అక్టోబర్ 1న టెలికం శాఖ సేవలన్నీ బి.ఎస్.ఎన్.ఎల్. అనే సంస్థ అయ్యాయి. 2006 ప్రాంతంలో దేశంలో ల్యాండ్‌లైన్లు దాదాపు ఐదు కోట్లు. 2020 నాటికి రెండు కోట్లకి పడిపోయాయి. ఆ తర్వాత మళ్లీ పెరిగాయి, కానీ పెరిగినవి రాగి మీద కాదు, ఫైబర్ మీద. 2019 చివర్లో ప్రకటించిన స్వచ్ఛంద విరమణ పథకం కింద 2020 జనవరి 31న దాదాపు 78 వేల మంది ఒకేరోజు బి.ఎస్.ఎన్.ఎల్. నుంచి బయటికి వచ్చారు. యాభై ఏళ్లు దాటినవాళ్లకే ఆ పథకం. అంటే పాత బోర్డుల మీద పని నేర్చుకుని, అవి పోయాక కౌంటర్లకీ, బిల్లింగ్‌కీ, ఫిర్యాదుల విభాగానికీ మారిన తరమంతా అందులో ఉంది. వాళ్లతో పాటు ఏ వీధి స్తంభం దగ్గర ఏ జంట తీగ ఏ ఇంటిదన్న జ్ఞాపకం కూడా ఇంటికెళ్లిపోయింది.

ఇక వ్యాపారాల వైపు చూద్దాం. శ్రీకాకుళం ప్రధాన కార్యాలయంగా ఉన్న శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు 2006లో వేరే గ్రామీణ బ్యాంకులతో కలిసిపోయింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో గ్రామీణ శాఖల్లోకి కూడా కంప్యూటర్ బ్యాంకింగ్ వచ్చింది. శాఖ నుంచి కేంద్రానికి లీజు లైను, అది తెగితే ఉపగ్రహం గొడుగు. రెండూ లేనప్పుడు 'సర్వర్ డౌన్'. డ్వాక్రా గుంపుల ఆడవాళ్లు అప్పు వాయిదా కట్టడానికి కూలి మానుకుని వచ్చి, ఆ రెండు మాటలు విని, బ్యాంకు మెట్ల మీద సాయంత్రం దాకా కూర్చున్న రోజులు ఎన్నో. లైను బ్యాంకుది, పోయిన కూలి వాళ్లది. అందుకే రాగి స్థానంలో ఫైబర్ రావడం వాళ్లకీ మంచిదే. రాగి జంటకి దూరం పెరిగే కొద్దీ సత్తువ తగ్గుతుంది. వానకి కేబుల్లోకి నీరు చేరి గరగరలాడుతుంది. రాగికి ధర ఉంది కాబట్టి దొంగలు కోసుకుపోతారు. గాజుకి ఈ మూడు బాధలూ లేవు.

గాజుకి ఉన్న బాధ ఒకటే, అది కరెంటుని మోయలేదు. ఇంట్లోనో ఆఫీసులోనో ఉన్న పెట్టెకి అక్కడి కరెంటే కావాలి. అది పోయిన క్షణం ఫోనూ పోతుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు కూడా రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. సెల్ టవర్లకి బ్యాటరీలు కొన్ని గంటలే, తర్వాత డీజిల్ చేరాలి, రోడ్ల మీద చెట్లు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస ప్రాంతంలో తీరం దాటి ఉద్దానాన్ని ఊడ్చేసింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. పిక్కలు కొట్టి, తొక్క తీసి, గ్రేడింగు చేసే వేలాది ఆడవాళ్ల ఉపాధి ఆ చెట్లతోనే ముడిపడింది. అంతకు పది నెలల ముందే, 2017 డిసెంబర్ 27న, రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ని ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకే ఇంటర్నెట్టు, ఫోను, టీవీ. ఖర్చు తగ్గడానికి భూమిలో తవ్వకుండా కరెంటు స్తంభాల మీదే ఆ తీగని వేలాడదీశారు. తెలివైన ఉపాయమే. కానీ గాలివానకి స్తంభం పడితే కరెంటు, ఫోను రెండూ ఒకేసారి పడతాయి. రాగి రోజుల్లో ఒకటి పోయినా రెండోది మిగిలే అవకాశమన్నా ఉండేది. మరీ ముఖ్యంగా ఉద్దానం కిడ్నీ జబ్బుల నేల. సోంపేట, పలాస, కవిటి డయాలసిస్ కేంద్రాలకి వారానికి రెండు మూడుసార్లు వెళ్లవలసిన మనిషి ఇంట్లో ఉంటే, కేంద్రం నడుస్తోందా లేదా అని కనుక్కునేదీ, ఆటో మాట్లాడేదీ ఎవరు? భార్యో, కూతురో, కోడలో. లైను లేని రోజు వాళ్ల కాళ్లే లైను.

ఈ సమస్య మనకే పరిమితం కాదు. 2012 అక్టోబర్‌లో శాండీ తుపాను న్యూయార్క్ తీరంలోని ఫైర్ ఐలాండ్‌లో రాగి లైన్లని నాశనం చేసింది. వాటిని మళ్లీ వేయబోమనీ, గాలిలో పనిచేసే పెట్టె ఇస్తామనీ వెరైజన్ కంపెనీ అంది. కొట్లలో కార్డులు గీకే యంత్రాలు, ఫ్యాక్సులు, దొంగల అలారాలు, రోగుల అత్యవసర బటన్లు ఆ పెట్టెతో పనిచేయవని జనం గొడవ చేశారు. 2013లో కంపెనీ దిగొచ్చి ఫైబర్ వేసింది. బ్రిటన్‌లో 2025 చివరికల్లా పాత ఫోన్ల వ్యవస్థ ఆపేస్తామన్నారు. ఒంటరి వృద్ధులు మెడలో వేసుకునే అత్యవసర బటన్లు కొత్త లైన్ల మీద పనిచేయక తీవ్రమైన ఘటనలు జరిగాయి. 2023 డిసెంబర్‌లో బలవంతపు మార్పిడి నిలిపారు, గడువుని 2027 జనవరికి జరిపారు. ఒంటరిగా మిగిలే వృద్ధుల్లో ఎక్కువమంది స్త్రీలని వేరే చెప్పాలా? అక్కడ కనీసం తేదీ ఉంది కాబట్టి పోట్లాడటానికి ఒక రోజన్నా దొరికింది. మన దగ్గర రాగి అలా చావదు. ఒకరోజు ఫోన్ మూగబోతుంది, ఫిర్యాదు చేస్తారు, ఎవరూ రారు, రెండు నెలలయ్యాక ఇంటివాళ్లే కనెక్షన్ వదిలేస్తారు. కాగితం మీద అది 'ఖాతాదారుల ఇష్టం'.

రాగి తీసేసే ముందు పెద్ద సంస్థలు జాబితా వేసుకుంటాయి. లిఫ్టులో ఫోను, అగ్నిప్రమాదపు అలారం, ఏటీఎం, ఫ్యాక్సు, గేటు దగ్గర ఫోను. వీటిలో ఏది ఆగితే వ్యాపారం ఆగుతుందో చూసి, రెండు వేర్వేరు దారుల్లో ఫైబర్, దానికి తోడు సెల్ సిమ్, బ్యాటరీ, జనరేటర్ పెట్టుకుంటాయి. సరైన పద్ధతి. ఆ పద్ధతిలో కూర్చుని మన మండలానికి ఒక జాబితా వేయాలంటే అందులో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పురుళ్ల గది ఉండాలి, ఏఎన్ఎం కూర్చునే సబ్ సెంటరుండాలి, కస్తూర్బా బాలికల హాస్టలుండాలి, పోలీసు స్టేషన్లో మహిళా డెస్కుండాలి. ఒక రౌటర్‌ని నాలుగైదు గంటలు నడిపే చిన్న బ్యాటరీ పెట్టె ధర ఒక చీర ధరకి మించదు. ఏది 'కీలకం' అన్నది ఇంజనీరు ఒక్కడే తేల్చే విషయం కాదు. జాబితా రాసే గదిలో ఎవరు కూర్చున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

కొండల మీద ఈ ప్రశ్న ఇంకా పదునుగా ఉంది. సీతంపేట, సాలూరు, గుమ్మలక్ష్మీపురం వైపు చాలా గూడేలకి రాగి ఏనాడూ చేరలేదు. మధ్యలో రేడియోతో నడిచే పంచాయతీ ఫోన్లు కొన్నాళ్లు ఉండి పాడైపోయాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు రాష్ట్రమంతా వ్యాపించింది, కానీ ఆ మూడంకెలు నొక్కడానికి సిగ్నల్ కావాలి. సిగ్నల్ లేక, రోడ్డూ లేక నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చిన వార్తలు ఏళ్ల తరబడి పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. అదే కొండల మీద 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనికి ఫోన్ యాప్‌లో రోజుకి రెండుసార్లు ఫోటో హాజరు తప్పనిసరి చేశారు. ఉపాధి పనికి వచ్చేవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లు. గునపాలు పక్కన పెట్టి, చంకలో బిడ్డతో వరసగా నిలబడి ఫోటో దిగడం ఒక పని. ఆ ఫోటోని పైకి పంపడానికి మేటు గుట్టెక్కి, ఏ రాయి మీద నిలబడితే గీతలు కనిపిస్తాయో వెతుక్కోవడం రెండో పని. ఈ రెండో పనికి కూలి లేదు.